సీసాకు బెజ్జం పెట్టే మిషన్: ఇంటి దగ్గరే అమర్చుకోవడం ఎలా

'కన్నం' అనే మాట ఇక్కడ వాడను. ఒడిశాలోని మా పర్లాకిమిడిలో ఫలానావాడు కన్నం వేశాడంటే సీసాకు వేశాడని ఎవరూ అనుకోరు, ఎవరింటి గోడకు అని అడుగుతారు. కాబట్టి బెజ్జం అనే అందాం.

నాది మోటార్ వైండింగ్ షాపు. గాజుకూ నాకూ ఏ సంబంధమూ లేదు. పక్కనే ఆంధ్రలో ఉన్న పాతపట్నంలో మా బావమరిది టిఫిన్ హోటల్ పెట్టి, "బావా, ఖాళీ సీసాలతో లైట్లు చేసి వేలాడదీస్తే బాగుంటుంది, ఓ ఇరవై చేసిపెట్టవా" అన్నాడు. సీసా పక్కన కిందివైపు 10 మిల్లీమీటర్ల బెజ్జం పెడితే వైరు బయటికి వస్తుంది. అంతే కదా అనుకున్నాను. గోనెసంచి మడతపెట్టి, సీసాను మోకాళ్ల మధ్య బిగించి, హ్యాండ్ డ్రిల్ పట్టుకుని కూర్చున్నాను. ఇరవైలో పదకొండు పగిలాయి. ఒకటి మాత్రం తొడ మీద గుర్తు మిగిల్చి మరీ పగిలింది. మీరు మాత్రం ఆ పని ఎప్పుడూ చేయకండి.

ఆ తర్వాత మెల్లగా ఒక మిషన్ అమర్చుకున్నాను. మిషన్ అంటే పెద్దదేమీ కాదు. ఒక పాత బెంచ్ డ్రిల్, ఒక చెక్క పీట, మేకుకు వేలాడే నీళ్ల సంచి. మొన్న చేసిన యాభై సీసాల్లో రెండే పోయాయి. దీన్నిబట్టి నేను చెప్పేది ఒక్కటే: డబ్బు మోటారు మీద పెట్టకండి. సీసా కూర్చునే పీట మీదా, బిట్ దగ్గర పడే నీళ్ల మీదా పెట్టండి.

ఫ్యాక్టరీవాళ్లే బెజ్జం పెట్టి పంపొచ్చుగా?

ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. జవాబు తెలిస్తే మీ పని సగం తేలికవుతుంది, అందుకే కాస్త ఆగి చెబుతాను.

ఇసుక, సోడా యాష్, సున్నపురాయి, దాంతోపాటు పగిలిన పాత గాజు కలిపి కొలిమిలో దాదాపు 1500 డిగ్రీల దగ్గర కరిగిస్తారు. ఆ ద్రవం బయటికి వచ్చేటప్పటికి అరిసెల పాకంలా చిక్కబడి ఉంటుంది. కత్తెర లాంటి పరికరం దాన్ని ముద్దలు ముద్దలుగా కత్తిరిస్తుంది. ఒక్కో ముద్ద ఒక్కో సీసా. ముద్ద మొదటి అచ్చులో పడి మెడ, నోరు తయారవుతాయి. తర్వాత రెండో అచ్చులోకి వెళ్లాక లోపలికి గాలి ఊదుతారు. ఆ గాలి ఒత్తిడికే గాజు సాగి అచ్చు గోడలకు అతుక్కుని సీసా అవుతుంది. అమెరికాలో మైకేల్ ఓవెన్స్ 1903లో మనిషి ఊదే పని లేకుండా సీసాలు చేసే మిషన్ తెచ్చిన దగ్గర నుంచి ఇదంతా యంత్రాల పనే.

ఇప్పుడు ఆలోచించండి. ఆ ఊదే సమయంలో పక్కన బెజ్జం ఉంటే ఏమవుతుంది? గాలి బెజ్జంలోంచి పోతుంది, సీసా ఉబ్బదు. పోనీ, ఊదడం అయ్యాక మెత్తగా ఉన్నప్పుడే పొడిస్తే? చుట్టూ గాజు కుంగిపోతుంది, ఆకారం చెడుతుంది. లాబొరేటరీల కోసం గాజు పనిచేసేవాళ్లు గొట్టంలో ఒక్కచోటే సన్నటి మంట తగిలించి, అక్కడ మెత్తబడ్డాక ఊది బెజ్జం తీస్తారు. అది ఒక్కోటీ చేత్తో చేసే పని. పైగా ఆ తర్వాత గాజును మళ్లీ వేడిచేసి నెమ్మదిగా చల్లార్చాలి.

ఈ నెమ్మదిగా చల్లార్చడమే అసలు గుట్టు. అచ్చులోంచి వచ్చిన సీసా పైన చల్లబడి లోపల వేడిగా ఉంటుంది. అలాగే వదిలేస్తే గాజులో ఒక భాగం ఇంకో భాగాన్ని లాగుతూ గట్టిపడుతుంది. బయటికి కనిపించదు కానీ లోపల టెన్షన్ మిగిలిపోతుంది. అందుకే ప్రతి సీసానూ అనీలింగ్ కొలిమిలోకి పంపి, దాదాపు 550 డిగ్రీల దాకా వేడి చేసి, మెల్లమెల్లగా చల్లారుస్తారు. ఆ కొలిమి దాటి చల్లబడిన తర్వాత వజ్రపు పొడి అంటించిన బిట్‌తో, నీళ్లు పోస్తూ బెజ్జం తీయడం అన్నిటికంటే భద్రమైన దారి. మనం షాపులో చేసేదీ అదే. గాజు మెత్తగా ఉన్నప్పుడు ఏం చేసినా ఒప్పుకుంటుంది. గోలీ సోడా సీసాలోకి గోలీ వెళ్లింది కూడా అలాగే, మూతి పూర్తిగా తయారు కాకముందే. హైరమ్ కాడ్ అనే ఇంగ్లిష్ ఇంజనీరు 1870ల్లో తెచ్చిన సీసా అది. చల్లారిన గాజు దగ్గర మాత్రం ఆ చనువు చెల్లదు. దాన్ని కోయలేం, పొడవలేం, రాయి మీద గంధం అరగదీసినట్టు అరగదీయడమే.

ఏ సీసా తీసుకోవాలి

కబాడీ కొట్టులో దొరికే 650 మిల్లీలీటర్ల బీరు సీసా నేర్చుకోవడానికి బాగుంటుంది. చవక, గోడ మందంగా ఉంటుంది, పోయినా బాధ లేదు. మొదటి రోజే అమ్మమ్మ కాలం నాటి ఊరగాయ సీసా తేకండి.

గోలీతో గానీ రాయితో గానీ దెబ్బతిన్న గుర్తులు, సన్నటి గీతలు ఉన్న సీసాలు పక్కన పడేయండి. కిటికీ దగ్గర పట్టుకుని తిప్పితే గోడలో గాలి బుడగలు కనిపిస్తాయి. బెజ్జం పెట్టేచోట బుడగ ఉంటే చోటు మార్చండి. అచ్చు రెండు ముక్కలు కలిసేచోట సీసా పొడుగునా ఒక సన్నటి గీత ఉంటుంది. ఆ గీత మీదా, ఉబ్బెత్తు అక్షరాల మీదా బెజ్జం వద్దు. అడుగు నుంచి కనీసం 30 మిల్లీమీటర్లు పైకి రండి. అడుగు మలుపు దగ్గర మందం ఎక్కడెంత ఉంటుందో చెప్పలేం.

టెంపర్డ్ గాజు జోలికి అసలు పోవద్దు. కారు పక్క కిటికీల అద్దాలు, కొన్ని రకాల గ్లాసులు, టీపాయ్ పైన వేసే కొన్ని అద్దాలు ఇలాంటివి. వాటిలో లాగుడు కావాలనే పెట్టి ఉంటుంది. బిట్ కాస్త లోతుకు దిగగానే మొత్తం చిన్నచిన్న ముక్కలై రాలిపోతుంది. బెజ్జాలున్న టెంపర్డ్ అద్దాలు మీరు చూసే ఉంటారు. వాటికి ముందు బెజ్జం పెట్టి, ఆ తర్వాతే టెంపర్ చేస్తారు.

సీసాలో టెన్షన్ ఉందో లేదో చూసే చిట్కా ఒకటి ఉంది. పాత లాప్‌టాప్‌లో తెల్లటి పేజీ తెరవండి. పోలరైజ్డ్ అని రాసి అమ్మే చలువ కళ్లద్దం ఒకటి స్క్రీన్ ముందు పట్టుకుని, స్క్రీన్ నల్లగా కనిపించేదాకా తిప్పండి. ఇప్పుడు స్క్రీన్‌కూ కళ్లద్దానికీ మధ్య సీసా పెట్టండి. బాగా చల్లార్చిన సీసా దాదాపు నల్లగానే ఉంటుంది. మెడ దగ్గరో అడుగు దగ్గరో తెల్లటి చారలు, రంగులు మెరిస్తే అక్కడ లాగుడు ఉన్నట్టు. సీసా వంపు వల్ల అంచుల్లో కొంచెం వెలుగు ఎలాగూ వస్తుంది, దానికి కంగారు పడక్కర్లేదు. నేను పది సీసాలు వరసగా చూసి, వాటిలో మిగతావాటికంటే ఎక్కువ మెరిసినదాన్ని తీసేస్తాను. ముదురు రంగు సీసాలతో ఇది కష్టం, తెల్ల సీసాలతోనే బాగా తెలుస్తుంది. ఇప్పటి కొన్ని ఫోన్ల స్క్రీన్‌తో ఇది కుదరదు, అందుకే పాత లాప్‌టాప్ అన్నాను.

మిషన్ భాగాలు

బెంచ్ డ్రిల్ ఉంటే మంచిది. అర హార్స్ పవర్ మోటారు, బిట్‌ను పట్టుకునే చక్ 13 మిల్లీమీటర్లది ఉంటే చాలు. లేకపోతే హ్యాండ్ డ్రిల్‌ను బిగించే స్టాండ్ దొరుకుతుంది, దాంతోనూ నడుస్తుంది. కానీ డ్రిల్ తల అటూ ఇటూ ఊగకూడదు. చక్‌లో బిట్ బిగించి, ఆన్ చేసి, బిట్ చివర చూడండి. చివర గుండ్రంగా తిరుగుతూ మసకగా కనిపిస్తే బేరింగో, చక్కో అరిగిపోయినట్టు. ఆ మిషన్‌తో ఇనుముకు బెజ్జం పెట్టుకోవచ్చు గానీ గాజు ఒప్పుకోదు.

స్పీడు సంగతి. బెంచ్ డ్రిల్ మోటారు సాధారణంగా నిమిషానికి 1440 చుట్లు తిరుగుతుంది. బెల్టు ఏ పుల్లీ మీద ఉందన్నదాన్నిబట్టి స్పిండిల్ (చక్‌ను తిప్పే ఇరుసు) స్పీడు మారుతుంది. లెక్క తేలికే: 1440ని మోటారు పుల్లీ వ్యాసంతో గుణించి, స్పిండిల్ పుల్లీ వ్యాసంతో భాగించాలి. మోటారు వైపు 50 మిల్లీమీటర్లు, స్పిండిల్ వైపు 100 ఉంటే 720 చుట్లు వస్తాయి. 75, 100 అయితే 1080. నేను 6 మిల్లీమీటర్ల బిట్‌కు 1500 నుంచి 2000 దాకా, 10 నుంచి 12కు 700 నుంచి 1000 దాకా, కుళాయి కోసం పెట్టే 25కు 400 నుంచి 500 దాకా వాడతాను. బిట్ పెద్దదయ్యేకొద్దీ స్పీడు తగ్గాలి, ఎందుకంటే అదే చుట్టులో అంచు ఎక్కువ దూరం పరుగెడుతుంది, ఎక్కువ వేడెక్కుతుంది.

బిట్ అంటే మామూలు డ్రిల్ బిట్ కాదు. అది లోపల ఖాళీగా ఉండే గొట్టం, అంచున వజ్రపు రవ్వలు. హార్డ్‌వేర్ షాపులో 'డైమండ్ బిట్' అంటే ఇస్తారు. చవకవాటిలో రవ్వలను నికెల్ పూతతో ఒక్క పొర మాత్రమే అంటిస్తారు. ఆ పొర అరిగిందంటే బిట్ పని అయిపోయినట్టే. నా దగ్గర ఒక్కోటి పదిహేను, ఇరవై బెజ్జాల దాకా వస్తోంది. ఖరీదైనవాటిలో రవ్వలు లోహప్పొడిలో కలిసిపోయి ఉంటాయి, పై పొర అరిగితే కింది పొర తేలుతుంది. నెలకు వంద సీసాలు చేసేవాళ్లకే అది గిట్టుబాటు. టైల్స్‌కు వాడే ఈటె మొన బిట్ పెట్టి "గాజుకూ పనికొస్తుంది" అని అమ్ముతారు. పనికొస్తుంది, కానీ బెజ్జం చుట్టూ పెచ్చులు లేపుతుంది. వద్దు.

పీట

ఇక్కడ తొందరపడకండి.

గట్టి చెక్క దిమ్మ తీసుకోండి. పొడుగు 25 సెంటీమీటర్లు, వెడల్పు 10, ఎత్తు 6 ఉంటే చాలు. దాని పొడుగునా వి ఆకారంలో 90 డిగ్రీల గాడి కోయించండి. వడ్రంగికి పది నిమిషాల పని. గాడి రెండు వైపులా పాత సైకిల్ ట్యూబు ముక్కలు అంటించండి. గాడి అడుగున మాత్రం అంటించకండి, ఎందుకో చెబుతాను. సీసా అడుగు తగిలేచోట ఒక అడ్డపలక, మెడ కింద ఒక చిన్న చెక్క. సైకిల్ ట్యూబును రెండు వేళ్ల వెడల్పున కోసి, రెండు చివరలా కొక్కేలు పెట్టి, సీసా మీదుగా లాగి పీటకు తగిలిస్తే సీసా కదలదు. ఇనప క్లాంపుతో సీసాను నేరుగా బిగించకండి. గట్టిగా బిగిస్తే ఆ బిగువే పగుళ్లకు మూలం.

ఇప్పుడు అసలు సూత్రం. బిట్ నడిమి గీత సీసా నడిమి గీతను కచ్చితంగా దాటాలి. రెండు మిల్లీమీటర్లు పక్కకు జరిగినా బిట్ ఏటవాలు మీద దిగి, జారి, సీసా మీద వంకర గీతలు గీస్తుంది. దీనికి కొలతలేమీ అక్కర్లేదు. చక్‌లో ఒక తిన్నని మేకు బిగించి, సీసా లేకుండా కిందికి దింపండి. మేకు మొన గాడి అడుగున ఉన్న సన్నటి గీత మీద సరిగ్గా తాకాలి. తాకేదాకా పీటను జరిపి, రెండు సి క్లాంపులతో డ్రిల్ బల్లకు బిగించేయండి. అందుకే అడుగున రబ్బరు వద్దన్నాను. ఒకసారి ఇలా సరిచేశాక 60 మిల్లీమీటర్ల సీసా పెట్టినా 90ది పెట్టినా నడిమి గీత అదే చోటికి వస్తుంది. వి గాడి గొప్పతనం అదే.

ఇంకో ఇబ్బంది, కొత్త సీసాలు నున్నగా జారతాయి. ఫ్యాక్టరీలో గీతలు పడకుండా వేడి మీద తగరపు ఆక్సైడ్ పూత, చల్లారాక పాలిథిలీన్ లాంటి పూత వేస్తారు. ఆ జారుడు మీద బిట్ నాట్యం చేస్తుంది. బెజ్జం పెట్టేచోట 220 నంబరు వాటర్ పేపర్‌తో రూపాయి బిళ్లంత మేర రుద్ది గరుకు చేయండి. అప్పుడు బిట్‌కు పట్టు దొరుకుతుంది. ఇంకా జారుతుంటే, ప్లైవుడ్ ముక్కకు మామూలు చెక్క బిట్‌తో అదే సైజు బెజ్జం పెట్టి, దాన్ని సీసా పైన కట్టి దారి చూపించండి.

నీళ్లు, కరెంటు

గాజు వేడిని తొందరగా పంచుకోదు. బిట్ తగిలేచోట వేడెక్కి, వేలెడు దూరంలో చల్లగానే ఉంటుంది. మామూలు సీసా ఒక్కసారిగా దాదాపు 40 డిగ్రీల తేడా దాకా తట్టుకునేలా చేస్తారు, ఆపైన నమ్మకం లేదు. నీళ్లు లేకుండా రాపిడి పెడితే ఆ తేడా రావడానికి ఎంతోసేపు పట్టదు.

మందుల షాపులో కొత్త సెలైన్ సెట్ ఒకటి కొనండి. ఖాళీ నీళ్ల సీసానో సంచినో తలెత్తున మేకుకు వేలాడదీసి, సెట్ గొట్టాన్ని బిట్ పక్కకు తెచ్చి కట్టండి. గొట్టం మీద ఉండే చక్రం తిప్పి, చుక్కలుగా కాక సన్నటి ధారగా పడేలా పెట్టండి. ధార బిట్ మీద కాదు, బిట్ గాజును తాకేచోట పడాలి. పీట కింద ప్లాస్టిక్ ట్రే ఉంచండి.

నీళ్లూ కరెంటూ ఒకేచోట ఉన్నాయి, కాబట్టి వైండింగ్ పనివాడిగా గట్టిగా చెబుతున్నాను. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) లేకుండా ఈ పని మొదలుపెట్టకండి. మిషన్ బాడీకి ఎర్త్ ఉండాలి. వైరు సాకెట్‌కు వెళ్లే ముందు కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లాలి, అప్పుడు దాని వెంట జారే నీళ్లు కిందనే రాలిపోతాయి. మా వైపు వోల్టేజి పడిపోవడం మామూలే. లైటు మసకబారితే బిట్ పైకి లేపి ఆగండి. స్పీడు తగ్గిన బిట్‌ను చేయి తెలియకుండానే నొక్కుతుంది.

కళ్లకు అద్దాలు, కాళ్లకు చెప్పులు కాదు, బూట్లు. తిరిగే మిషన్ దగ్గర గుడ్డ గ్లోవ్స్ వద్దు, బిట్ పట్టుకుని లాగేస్తుంది. లుంగీ, చున్నీ, వదులు చొక్కా చేతులు కూడా అంతే.

బెజ్జం పెట్టడం

సీసా కడిగి, లేబుల్ తీసి, పీట మీద కూర్చోబెట్టి, ట్యూబు పట్టీ లాగండి. నీళ్లు వదలండి. నీళ్లు పడుతున్నాయని చూశాకే స్విచ్ వేయండి.

బిట్‌ను మెల్లగా దింపి గాజును ముద్దాడనివ్వండి. మొదటి అర నిమిషం చేతి బరువు కూడా వద్దు. గుండ్రటి గీత పూర్తిగా పడ్డాక కొంచెం బరువు. కొంచెం అంటే, చంటిపిల్ల తలకు నూనె రాసేటప్పుడు పెట్టేంత. అయిదారు సెకన్లకోసారి బిట్‌ను వెంట్రుకవాసి పైకి లేపి దింపండి. ఆ సందులోంచే నీళ్లు లోపలికి వెళ్లి గాజు పొడిని బయటికి తెస్తాయి.

కారే నీళ్లు చూస్తూ ఉండండి. బియ్యం కడిగిన నీళ్లలా తెల్లగా వస్తుంటే పని బాగా సాగుతోంది. తెల్లటి పొడి ఎండి అంచున పేరుకుంటోందంటే నీళ్లు చాలడం లేదు. నీళ్లు తేటగా వస్తూ లోతు పెరగకపోతే బిట్ మొద్దుబారింది. అప్పుడు నొక్కకండి. తెల్లటి గ్రైండింగ్ రాయి మీద నీళ్లతో రెండు సెకన్లు తిప్పితే, రవ్వలు మిగిలి ఉంటే, మళ్లీ పదునవుతుంది.

మూడు మిల్లీమీటర్ల గోడకు 10 మిల్లీమీటర్ల బెజ్జం నాకు మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. ఎవరైనా అర నిమిషంలో పెట్టానంటే పగిలినవి ఎన్నో కూడా అడగండి.

వంపు వల్ల వచ్చే ఒక చిక్కు ఉంది, పెద్ద బెజ్జాల దగ్గర అదే ముంచుతుంది. సీసా నడుము 75 మిల్లీమీటర్లు అనుకోండి. 10 మిల్లీమీటర్ల బిట్ అయితే సీసా నడినెత్తిన తాకే అంచుకూ, పక్కల తాకే అంచుకూ ఎత్తు తేడా మిల్లీమీటరులో మూడో వంతు మాత్రమే. 25 బిట్‌కు ఆ తేడా రెండు మిల్లీమీటర్లు దాటుతుంది. అంటే నడినెత్తి మీద బిట్ గోడను దాటి బయటపడే వేళకు పక్కల్లో ఇంకా ఒక మిల్లీమీటరు కూడా తెగి ఉండదు. మధ్య బిళ్ల రెండు పక్కల మాత్రమే పట్టుకుని ఊగుతూ ఉంటుంది. అప్పుడు కాస్త నొక్కారా, బిళ్ల విరుగుతూ పక్క గాజును కూడా పెకలించుకుపోతుంది. అందుకే పెద్ద బెజ్జానికి సగం దాటినప్పటి నుంచే చేయి తేలిక చేయాలి. చిన్న బెజ్జానికి చివర్లో తేలిక చేస్తే చాలు.

చివరికి వచ్చినట్టు చెవికే తెలుస్తుంది. బరబరమనే శబ్దం పలచబడి, కీచుగా మారుతుంది. అక్కడి నుంచి హ్యాండిల్ బరువు మాత్రమే. బిళ్ల లోపల పడిన టిక్ శబ్దం వినగానే బిట్ తిరుగుతుండగానే పైకి తీయండి, ఆ తర్వాతే స్విచ్ ఆపండి. ఆగిపోయిన బిట్‌ను బెజ్జంలోంచి లాగితే అంచు రాలుతుంది.

బెజ్జం అంచు కత్తిలా ఉంటుంది, వేలు పెట్టకండి. పెన్సిల్‌కు 220 నంబరు వాటర్ పేపర్ చుట్టి, నీళ్లలో తడిపి తిప్పండి. తర్వాత 400. లోపలి అంచు కూడా మరిచిపోవద్దు, వైరు తొక్క చీరుకునేది అక్కడే. పైన రబ్బర్ గ్రోమెట్ (వైరు కోసుకోకుండా బెజ్జం అంచుకు తొడిగే రింగు) తొడగండి. లోపల ఎల్‌ఈడీ బల్బే పెట్టండి, పాత పీచు బల్బు వేడికి ఇంత కష్టపడి కాపాడిన సీసా పగులుతుంది.

పగిలితే ఏం నేర్చుకోవాలి

ముక్కలు పడేసే ముందు ఒకసారి చూడండి. బెజ్జం చుట్టూ నక్షత్రంలా చీలితే ఎక్కువ నొక్కారు. బెజ్జం నుంచి ఒకే పగులు పొడుగ్గా భుజం దాకా పాకితే వేడి, లేదా ముందే ఉన్న టెన్షన్. బయటి అంచున పెచ్చులు లేస్తే బిట్ జారింది, పీట సరిచూసుకోండి. లోపలి అంచున పెచ్చులుంటే చివర్లో తొందరపడ్డారు. నా మొదటి పదకొండులో ఏడు నక్షత్రాలే.

కరెంటు లేకపోయినా

పర్లాకిమిడి కొమ్ము పనికి పేరున్న ఊరు. పశువుల కొమ్ములతో కొంగలు, దువ్వెనలు చేస్తారు. ఆ పనిచేసే పెద్దాయన ఒకాయన నా షాపుకు మోటారు తెచ్చి, పగిలిన సీసాల గుట్ట చూసి నవ్వాడు. ఆయన ఇంట్లో ఒడియా, బజార్లో తెలుగు.

"ఏటి బాబూ, గాజుని గుచ్చుతున్నావా? గుచ్చితే ఊరుకుంటాదా? రాగి గొట్టం ఎట్టి రుద్దాల."

"రాగి మెత్తన కదా మామా, గాజుని ఎలా అరగదీస్తుంది?"

"రాగి అరగదీయదు. పొడి అరగదీస్తాది. రాగి దాన్ని పట్టుకుంటాది, అంతే."

ఆయన చెప్పినట్టే చేసి చూశాను, పనిచేసింది. ఏసీ మెకానిక్ దగ్గర దొరికే మూడు ఎనిమిదో వంతు అంగుళం రాగి గొట్టం ముక్క తీసుకోండి, అది తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు ఉంటుంది. చివర రంపంతో మూడు చిన్న గాట్లు పెట్టండి. సీసా మీద బెజ్జం చోటు చుట్టూ బంకమట్టితో చిన్న గట్టు కట్టి, అందులో 120 నంబరు కార్బరండం పొడి, కాసిన్ని నీళ్లు పోయండి. పొడి దొరక్కపోతే బండి మెకానిక్‌లు వాడే వాల్వ్ గ్రైండింగ్ పేస్ట్ కూడా సాధారణంగా ఇదే పదార్థం. కరెంటు లేకుండా చేత్తో తిప్పే డ్రిల్‌కు ఆ గొట్టం బిగించి, తిప్పుతూ నిదానంగా రుద్దండి. మూడు నిమిషాల పని అరగంట అవుతుంది. కానీ అంచు డైమండ్ బిట్ కంటే నున్నగా వచ్చింది, ఒక్క సీసా కూడా పోలేదు. అయిదారు సీసాలే కావాలనుకునేవాళ్లు మిషన్ మీద డబ్బు పెట్టకుండా ఈ దారి పట్టడమే మేలని నాకనిపిస్తుంది.

పని అయ్యాక

ట్రేలోని తెల్లటి నీళ్లను సింకులో పోయకండి. గాజు పొడి పైపులో దిగి గట్టిపడుతుంది. బకెట్‌లో ఒక రోజు నిలవ ఉంచితే పొడి అడుగుకు చేరుతుంది. పైనీళ్లు వంపేసి, అడుగుది కాగితంలో కట్టి చెత్తలో వేయండి. ఏటి ఒడ్డున పారబోయొద్దు, పిల్లలు ఒట్టి కాళ్లతో తిరిగే చోటు. ఎండిన పొడిని చీపురుతో ఊడిస్తే గాల్లోకి లేచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, తడిగుడ్డతో తుడవండి. పగిలిన ముక్కలు కబాడీవాళ్లకే తిరిగి ఇస్తే మళ్లీ కొలిమికి చేరతాయి.

డ్రిల్ బల్ల తుడిచి నూనె గుడ్డ రాయండి. బిట్‌ను చక్‌లో వదిలేయకుండా తీసి ఆరబెట్టండి. నేను ఒకసారి మరిచిపోయి నాలుగు రోజుల పెళ్లికి వెళ్లొచ్చాను. తిరిగొచ్చేసరికి బిట్టూ చక్కూ తుప్పు పట్టి ఒకటైపోయాయి. విడదీయడానికి ఒక పూట, అర సీసా కిరసనాయిలు పట్టాయి.